కేజ్ మార్చే రోజు

(తిరుపతిలో ప్రయోగశాల జంతువులను చూసుకునే సిబ్బందికి, పరిశోధక విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కేజ్‌లు మార్చే అన్నలు, అక్కలు ముందు వరసల్లోకి రండి. ఈ పూట మాట్లాడేది మీ పని గురించే. పరిశోధక విద్యార్థులు వెనక కూర్చున్నా సరే గానీ రాసుకోండి. మీ నోటుబుక్కులోకి ఎక్కే అంకెలు వీళ్ల చేతుల మీదుగా వస్తాయి.

ముందు పేర్లు సరిచేసుకుందాం. నేను చిట్టెలుక అన్నప్పుడల్లా మౌస్, ఎలుక అన్నప్పుడల్లా ర్యాట్. మన దగ్గర ఎక్కువగా ఉండే స్విస్ చిట్టెలుక, విస్టార్ ఎలుక రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి ఒకటి చిన్నది, ఇంకొకటి పెద్దది అన్నట్టు చూసేస్తాం. అవి రెండు వేరు జీవులు. ఎలుక చిట్టెలుకను చంపి తినగలదు. ఆ సంగతి చిట్టెలుకకు పుట్టుకతోనే తెలుసు. ఎలుక మూత్రంలోని ఒక ప్రోటీన్ తగిలితే చాలు, ఎన్నడూ ఎలుకను చూడని చిట్టెలుక కూడా బెదిరి వెనక్కి తగ్గుతుంది. పిల్లి లాలాజలంలోనూ అదే కుటుంబానికి చెందిన ప్రోటీన్ ఉంది, దానికీ ఇలాగే బెదురుతుంది. అందుకే రెండింటికీ వేరు గదులు కావాలి. గదులు వేరైతే సరిపోదు, ట్రాలీ, గ్లౌజులు, కోటు కూడా వేరుగా ఉండాలి. ఎలుకల గదిలో పని ముగించి అదే కోటుతో చిట్టెలుకల గదిలోకి వెళ్తే, చిట్టెలుక లెక్కన లోపలికి వచ్చింది ఎలుకే. ఇంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లు కూడా బట్టలు మార్చుకున్నాకే లోపలికి రావాలి.

ఇక వాసన సంగతి. మగ చిట్టెలుక మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా ఉంటుంది. మనిషికి అంత పోతే కిడ్నీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. చిట్టెలుకకు మాత్రం అది ఆరోగ్యమే. కాలేయంలో తయారై మూత్రంలోకి వచ్చే వీటిని మేజర్ యూరినరీ ప్రోటీన్లు అంటారు, పొట్టిగా మప్‌లు. ఒక్కో ప్రోటీన్ లోపల చిన్న గుంత ఉంటుంది. గాల్లోకి ఎగిరిపోయే వాసన పదార్థాన్ని ఆ గుంత పట్టుకుని మెల్లమెల్లగా వదులుతుంది. కర్పూరం బిళ్లను పళ్లెంలో వదిలేస్తే తొందరగా హరించుకుపోతుంది, మూత ఉన్న డబ్బాలో పెడితే చాలా రోజులు ఉంటుంది కదా, అలాంటి ఏర్పాటే ఇది. చుక్క ఆరిపోయాక కూడా గంటల తరబడి వాసన వస్తూనే ఉంటుంది. వాసన తగ్గాక కూడా ప్రోటీన్ అక్కడే ఉంటుంది. ఇంకో చిట్టెలుక వచ్చి ముక్కు ఆనించి చూస్తే, ముక్కు అడుగున ఉండే వోమెరోనాసల్ అవయవం ఆ ప్రోటీన్‌ను చదువుతుంది. ఆడ చిట్టెలుకను మగదాని గుర్తు వైపు లాగేది వీటిలో ఒకే ఒక్క ప్రోటీన్ అని 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ బృందం తేల్చింది. దాని పేరు డార్సిన్. ఆడది ఆ వాసనను మాత్రమే గుర్తుపెట్టుకోదు, అది తగిలిన చోటును కూడా గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడికే వస్తుంది.

దీన్ని కళ్లతో చూడాలనుకుంటే సులువైన పని ఒకటుంది. కేజ్ అడుగున బెడ్డింగ్, అంటే తడి పీల్చడానికి పరిచే పొట్టు, దాని బదులు ఫిల్టర్ పేపరు ఒక్క రాత్రి పరచండి. పొద్దున తీసి చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద పట్టుకోండి, మూత్రం మెరుస్తుంది. పెత్తనం చేసే మగదైతే కాగితమంతా సన్నసన్నని గీతలు, చుక్కలు, వందల్లో. అణిగి ఉండేదైతే రెండు మూలల్లో నాలుగు మడుగులు. మూత్రాశయం రెండింటికీ ఉంది. కాకపోతే రెండోది తన పేరు బయట రాసుకునే ధైర్యం చేయదు. ఒక్కసారి ఆ కాగితం చూసినవాళ్లు కేజ్‌ను మళ్లీ మునుపటిలా చూడలేరు.

ఇప్పుడు మనం వారానికోసారి చేసే పని ఆలోచించండి. మనకు మురికిగా కనిపించేది వాటికి ఇంటి గోడ, ఊరి కట్టుబాటు. దాన్నంతా ఊడ్చి, కడిగి, ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడిలో వేడి ఆవిరి పట్టించి క్రిములు చంపి, ఏ వాసనా లేని పెట్టెలో నాలుగు మగ చిట్టెలుకలను పడేస్తాం. ఎవరు పెద్దో, ఎవరు తగ్గి ఉండాలో చెప్పే ఆనవాలు ఒక్కటీ మిగలదు. మొదటి నిమిషం నుంచే పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. సోమవారం మార్చితే మంగళవారం పొద్దున తోక మొదట్లో, పిరుదుల మీద కాట్లు కనిపించేది అందుకే.

దీనికి చాలామందికి తోచే ఉపాయం, పాత బెడ్డింగ్ గుప్పెడు తీసి కొత్త కేజ్‌లో వేయడం. మగ చిట్టెలుకల్లో ఇది తిరగబడుతుంది. నెదర్లాండ్స్‌లో పి. వాన్ లూ బృందం 2000 ప్రాంతంలో సరిగ్గా దీన్నే పరీక్షించింది. మూత్రం ఇంకిన పొట్టు వేస్తే కొట్లాట ఎక్కువైంది. గూడు కట్టుకున్న సామగ్రి తెచ్చి వేస్తే తగ్గింది. మూత్రం వాసన హద్దులు చెబుతుంది, హద్దు ఉన్నచోట తగాదా ఉంటుంది. గూటిలో పట్టేది కలిసి పడుకున్నప్పుడు పాదాల గ్రంథుల నుంచి, ఒంటి నుంచి వచ్చే వాసన. దాంట్లో సవాలు లేదు. కాబట్టి గూడు తేవాలి, మూత్రం మూల వదిలేయాలి. ఈ రోజు ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

పని ఎలా చేయాలో వరసగా చెబుతాను. కొత్త కేజ్‌లో ముందే కనీసం రెండు సెంటీమీటర్ల మందాన బెడ్డింగ్ పరచండి. చిట్టెలుకలకైతే కొత్త గూటి సామగ్రి 8 నుంచి 10 గ్రాములు వేయండి. పొడవుగా చీల్చిన కాగితం, టిష్యూ, దూది దిండ్లు ఏదైనా పర్లేదు గానీ, దారాలు దారాలుగా విడిపోయే గుడ్డ వద్దు, పిల్లల కాళ్లకు చుట్టుకుని నెత్తురు ఆడకుండా చేస్తుంది. తర్వాత పాత గూడును రెండు చేతులతో, విడగొట్టకుండా ఎత్తండి. అడుగు తడిసి ఉంటే ఆ భాగం తుంచి పారేయండి. పొడి భాగాన్ని కొత్త సామగ్రి పక్కనే పెట్టండి. ఆ తర్వాతే జంతువులు. మగవాటి కేజ్ ఒకటి ముగిసి ఇంకొకటి తెరిచేముందు గ్లౌజులు మార్చండి, లేదా తుడుచుకోండి. లేకపోతే పక్క కేజ్ మగదాని సంతకం మీరే మోసుకెళ్లి పెట్టినట్టు. మార్చాక మొదటి పావుగంట గదిలోనే ఉండి చూడండి, డ్యూటీ దిగేముందు మళ్లీ ఒకసారి చూడండి. పగలంతా అవి నిద్రపోతాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం లేపి మార్చడం కంటే సాయంత్రం వేళ నయం.

కాట్లు కనిపిస్తే మన చెయ్యి గాయపడ్డదాని మీదికే పోతుంది, దాన్ని తీసి వేరు చేస్తాం. ఒంటి మీద గీత కూడా లేనిది ఏదో చూడండి. కొట్టింది అదే. తీయాల్సింది దాన్ని. గాయపడ్డవాటికి వైద్యం చేయించి వాటిని కలిపే ఉంచండి. మీసాలు, మొహం మీద వెంట్రుకలు నున్నగా కత్తిరించినట్టు పోయి, చర్మం మీద గాయం లేకపోతే అది వేరే సంగతి. ఒకదాని వెంట్రుకలు ఒకటి కొరకడం అది, ఆడవాటిలో ఎక్కువ. గజ్జి అనుకుని మందు పూయకండి.

పట్టుకునే తీరు గురించి. చిట్టెలుకను తోక పట్టి లేపడం మనందరికీ అలవాటైపోయింది. తోకతో లేపినవి మనిషి చేతిని చూస్తే దూరం పోతాయని, గొట్టంలోకి ఎక్కించి గానీ రెండు దోసిళ్లలో గానీ ఎత్తినవి దగ్గరికి వస్తాయని జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ 2010లోనే చూపించారు. గొట్టం 5 సెంటీమీటర్ల వ్యాసం, 15 సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు. ప్లంబింగ్ షాపులో రెండంగుళాల పీవీసీ పైపు దొరుకుతుంది గానీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర అది వంగిపోతుంది. కడిగి క్రిమిసంహారకంలో ముంచేట్టయితే పీవీసీ, ఆటోక్లేవ్ చేసేట్టయితే పాలికార్బొనేట్ తీసుకోండి. కోసిన అంచు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. కేజ్‌కొకటి లోపలే ఉంచేస్తే ఇంకా మంచిది. సొంత వాసన పట్టిన గొట్టంలోకి అవే ఎక్కుతాయి, మీరు తరమక్కర్లేదు.

ఇదంతా విన్నాక కేజ్‌లు మార్చడమే మానేద్దామా అంటే, వీల్లేదు. అమోనియా ఉంది. అప్పుడే పోసిన మూత్రంలో అమోనియా వాసన ఉండదు. తడి బెడ్డింగ్‌లో బాక్టీరియా యూరియాను విరగ్గొట్టాకే అది పుడుతుంది. తడి, వేడి ఎక్కువైతే తొందరగా పుడుతుంది. మనుషులు పనిచేసే చోట 25 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతులకు 25 వంతులు, దాటకూడదని పెట్టుకున్నారు. అయితే కేజ్ నేల మీద ముక్కు పెట్టుకుని పడుకునేది జంతువు. ముక్కు లోపలి పొర దెబ్బతింటుంది. ఎలుకల్లో మైకోప్లాస్మా అనే బాక్టీరియా తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు ముదరడానికి అమోనియా తోడవుతుంది. గదిలో పది నిమిషాలుంటే మన ముక్కు అలవాటుపడి వాసన లేదనుకుంటాం. అందుకని పొద్దున తలుపు తీసిన మొదటి క్షణంలో ఏం తగిలిందో అదే రాయండి.

బెడ్డింగ్ మంచిదైతే మార్పుల మధ్య ఎడం పెరుగుతుంది. మన చుట్టుపక్కల వడ్ల మిల్లుల్లో ఊక తేలిగ్గా దొరుకుతుంది, అందరూ అదే వాడతారు. ఊక తడిని బాగా పీల్చదు, దుమ్ము ఎక్కువ, అంచులు గరుకు. వాడక తప్పకపోతే జల్లెడ పట్టి, ఆటోక్లేవ్ చేసి, పూర్తిగా ఆరబెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో సరిగా ఆరని ఊకకు బూజు పడుతుంది. మొక్కజొన్న కంకి పొడి తడిని, అమోనియాను బాగా ఆపుతుంది కానీ గూడు కట్టుకోవడానికి పనికిరాదు. పైగా దాంట్లో ఈస్ట్రోజెన్ పనికి అడ్డుపడే పదార్థాలున్నాయి, హార్మోన్ల మీద పనిచేసే విద్యార్థులు గమనించాలి. వేరుశనగ పొట్టు మాత్రం వద్దు. మన జిల్లా పంట, చవక, నిజమే. కానీ వేరుశనగకు అఫ్లాటాక్సిన్ అనే విషం చేసే బూజు ఎంత తేలిగ్గా పడుతుందో రైతునడిగితే చెబుతాడు. జంతువు తన బెడ్డింగ్ కొరుకుతుంది.

ఎలుకల తీరు చాలా వేరు. మగ ఎలుకలు చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే పెద్దయ్యాక కూడా చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పాకుతాయి, పక్కదాని ఒళ్లు దువ్వుతాయి, కుప్పగా పడుకుంటాయి. నాలుగు నుంచి ఆరు వారాల వయసులో విపరీతంగా ఆడుకుంటాయి. ఆ ఆటను కొట్లాట అనుకుని వేరు చేయడం పెద్ద పొరపాటు. ఆటలో మూతి మెడ వెనక్కి పోతుంది, అక్కడ ముక్కుతో రుద్దుతుంది. నిజమైన కొట్లాటలో పిరుదుల మీదికి పోయి కరుస్తుంది, ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఆ వయసులో ఒంటరిగా పెంచిన ఎలుక తర్వాత తోటివాటితో సరిగా మెలగలేదు. ఆ లోటు మళ్లీ పూడదు.

ఎలుకను తోక పట్టి ఎప్పుడూ లేపకండి. బరువుకు తోక చర్మం ఒరలా ఊడి వస్తుంది. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఇంకొక చెయ్యి. కొత్తగా వచ్చిన ఎలుకలను మచ్చిక చేయడానికి చక్కిలిగిలి పనికొస్తుంది. మెడ వెనక వేళ్లతో ఆడించి, మెల్లగా వెల్లకిలా తిప్పి పొట్ట మీద చక్కిలిగిలి పెట్టి వదిలేయడం, మళ్లీ చేయడం. రోజుకు 15 సెకన్లు, మూడు రోజులు చాలు. అప్పుడవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తాయి, యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త దాన్ని ఎలుకల నవ్వుతో పోల్చాడు. భయపడ్డప్పుడు 22 దగ్గర అరుస్తాయి. మన చెవి 20తోనే ఆగిపోతుంది కాబట్టి మనకు రెండూ వినపడవు. అదే లెక్కన మనకు వినపడని ట్రాలీ చక్రం కీచు, కారే కుళాయి సవ్వడి వాటికి గట్టిగా వినపడొచ్చు. చక్రాలకు నూనె వేయించండి.

ఎలుక కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కనిపిస్తే రక్తమని కంగారు పడకండి. కంటి వెనక హార్డీరియన్ గ్రంథి వదిలే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం అది. కానీ ఊరకే రాదు. జబ్బో, బెదురో, కీళ్లనొప్పో ఏదో ఉంది. ఒళ్లు శుభ్రం చేసుకునే ఓపిక లేనప్పుడే అది తుడవకుండా మిగిలిపోతుంది. ఇక నొప్పిని మొహంలో చదవడం నేర్చుకోవాలి. సగం మూసిన కళ్లు, వెనక్కి పోయిన చెవులు, బిగిసిన మీసాలు. చిట్టెలుకకు 2010లో, ఎలుకకు 2011లో దీనికి కొలమానం ప్రచురించారు. చిట్టెలుకకు నొప్పిలో బుగ్గ ఉబ్బుతుంది, ఎలుకకు చదునవుతుంది. ఒకదాని పటం చూసి ఇంకోదానికి మార్కులు వేయకూడదు.

మనుషుల వాసన గురించి కొంచెం సున్నితంగా చెప్పాలి. మగ పరిశోధకుడు దగ్గరున్నా, అతను వేసుకున్న చొక్కా పక్కన పెట్టినా చిట్టెలుకలు, ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పిని తక్కువగా చూపిస్తాయని 2014లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం ప్రకటించింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. విద్యార్థులు చేయాల్సింది, ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చేయడం, కాకపోతే ఎవరు చేశారో రాసిపెట్టడం, గదిలోకి వెళ్లగానే మొదలుపెట్టకుండా కాసేపు ఆగడం. మన ఊరి అలవాట్లూ ఉన్నాయి. తలలో మల్లెపూలు, సెంటు, శుక్రవారం సాంబ్రాణి పొగ. బయట ఉన్నంతసేపూ మంచివే. జంతువుల గదిలోకి మాత్రం రాకూడదు, ఫినాయిలు కూడా వద్దు.

నారింజ తొక్క సంగతి విద్యార్థులకు పనికొస్తుంది. మగ ఎలుక కాలేయం మప్‌లాంటి ప్రోటీన్ ఒకటి చేస్తుంది, ఆల్ఫా-2యు-గ్లోబులిన్. నారింజ తొక్క నూనెలోని లిమోనీన్ నుంచి పుట్టే పదార్థం దానికి అతుక్కుంటే, ఆ ప్రోటీన్ కిడ్నీలో అరగక పేరుకుని గొట్టాలను దెబ్బతీస్తుంది. ఆడ ఎలుకలో ఇది జరగదు, మనిషిలో ఆ ప్రోటీనే లేదు. వాసన కోసం ఉన్న ప్రోటీన్ విషశాస్త్రాన్ని ఎలా తప్పుదారి పట్టించగలదో చూడండి. మగ ఎలుకలో కిడ్నీ దెబ్బ కనిపించగానే మందు చెడ్డదని రాసేయకండి.

పిల్లల్ని పెట్టించే గదిలో వాసనే పంచాంగం. ఆడ చిట్టెలుకలను మాత్రమే గుంపుగా, మగ వాసన లేకుండా ఉంచితే ఎద ఆగిపోతుంది, లేదా గతి తప్పుతుంది. ఆ కేజ్‌లో మగదాని తడి బెడ్డింగ్ ఒక గుప్పెడు వేస్తే మూడో రాత్రికి చాలావరకు ఒకేసారి ఎదకు వస్తాయి. 1956లో విటెన్ చూపించినది ఇది. తేదీ లెక్కపెట్టి జతకట్టించాలంటే ఇంతకంటే చవకైన మార్గం లేదు. దీనికి ఎదురుదెబ్బ హిల్డా బ్రూస్ 1959లో చూపించింది. జతకట్టిన ఆడదానికి, పిండం గర్భాశయానికి అంటుకునే లోపు, అంటే మొదటి నాలుగైదు రోజుల్లో, కొత్త మగదాని వాసన తగిలితే చూలు పోతుంది. తన మగదాని వాసనతో అలా జరగదు. ప్లగ్ (జతకట్టాక ఆడదాని యోనిలో కనిపించే గడ్డ) చూశాం, పిల్లలు రాలేదు అని వాపోయే విద్యార్థులు ఆ వారంలో కేజ్ ఏ మగవాటి పక్కన ఉందో, గ్లౌజులు ఎవరు మార్చలేదో ఒకసారి వెతకండి. ఇక పిల్లలు పెట్టడానికి రెండు రోజుల ముందు నుంచి, పుట్టిన వారం దాకా కేజ్ మార్చకండి. తప్పనిసరైతే తడిసిన చోట మాత్రం తీసి, గూటిని ముట్టుకోకండి. గూటి వాసన మారితే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని తిరుగుతుంది, కొన్నిసార్లు తినేస్తుంది.

మే నెల గురించి. బయట నలభై దాటుతుంది, కరెంటు పోతుంది, ఏసీ ఆగుతుంది. ఎలుకకు చెమట పట్టదు, తోక ద్వారా వేడి వదులుతుంది, అదీ చాలకపోతే ఉమ్మి ఒంటికి పూసుకుంటుంది. గొంతు, పొట్ట తడిసి, చాపలా పరుచుకుని పడుకుందంటే ఆలస్యం చేయకూడదు. ఒక్కో కేజ్‌లో సంఖ్య తగ్గించండి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు కేజ్‌కు బయట ఆనించండి. ఇంకొకటి, సగం నిండిన నీళ్ల సీసాలో గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్లను బయటికి తోస్తుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం తర్వాత కొన్ని కేజ్‌లు తడిసి ముద్దవడం అందుకే. సీసా ఖాళీ, బెడ్డింగ్ తడి. కరెంటు వచ్చి గది చల్లబడ్డాక తడిసిన జంతువు వణుకుతుంది. అందుకని ఏసీ మళ్లీ నడిచిన వెంటనే సీసాలన్నీ ఒక్కసారి చూడాలి, నిండుగా నింపాలి.

మేత మార్చే విషయంలో వాసనే మీకు సాయం. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు కాబట్టి కొత్త మేతను అనుమానంగా కొరుకుతుంది. కానీ తోటి ఎలుక ఊపిరిలో ఆ మేత వాసన, దాంతోపాటు ఊపిరిలో సహజంగా ఉండే కార్బన్ డైసల్ఫైడ్ తగిలితే, తిని బతికే ఉందని నమ్ముతుంది. బెన్నెట్ గాలెఫ్ ఏళ్ల తరబడి చేసిన పని ఇది. కాబట్టి గుంపులో ఒకదానికి వేరే కేజ్‌లో కొత్త మేత తినిపించి వెంటనే వెనక్కి వదలండి, మిగతావి దాని మూతి వాసన చూస్తాయి. మన వరి పొలాల్లో ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్ పెట్టేముందు విషం లేని ఎర పెట్టి అలవాటు చేయమనడం కూడా ఎలుకల ఈ అనుమానం వల్లే.

చివరగా, ముందే చీటీ మీద రాసి ఇచ్చిన ప్రశ్న. జతకట్టించడానికి తీసిన మగ చిట్టెలుకను తిరిగి అన్నదమ్ముల దగ్గరికి వదలొచ్చా? వద్దు. ఆడవాటి వాసనతో, కొత్త పెత్తనంతో వస్తుంది. ఆ రాత్రే కొట్లాట. తల్లి నుంచి 21వ రోజు వేరు చేసినప్పుడే అన్నదమ్ములను ముగ్గురు చొప్పున పెట్టి, మళ్లీ కదపకండి, ఎవరినీ చేర్చకండి. జతకు వాడే మగదాన్ని మొదటి నుంచే లెక్క వేసి విడిగా పెట్టుకోండి. దానికి గూటి సామగ్రి మామూలు కంటే ఎక్కువ ఇవ్వండి, ఎందుకంటే ఆనుకుని పడుకునే ఒళ్లు దానికి లేదు. చిట్టెలుకకు హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర, మనం గది ఉంచేది 22, 24లో. ఒక గొట్టం, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఇవ్వండి. కేజ్ కార్డు మీద ఎందుకు ఒంటరిగా ఉందో, ఏ తేదీ నుంచో రాయండి. కార్డులో ఆ గడి లేకపోతే వెనక రాయండి.